పిల్లలు లేకుండా డిస్నీ వరల్డ్: నలుగురు పెద్దవాళ్లు ఆరు రోజులకు ఏం తేల్చుకోవాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. యాభైకి దగ్గరపడిన రెండు జంటలు, పిల్లలు వెంట లేరు. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఆరు రోజులు. క్రిస్మస్ వారంలో వెళ్లాలని, నలుగురూ ఒకే గదిలో ఉండాలని, హోటల్ మ్యాజిక్ కింగ్‌డమ్ పక్కనే తీసుకోవాలని అనుకుంటున్నారు. ఒక జంట శాకాహారులు, నలుగురిలో ఒకరికి రోలర్ కోస్టర్లు పడవు. అక్కడి నాలుగు పార్కులూ (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్) పూర్తిగా చూసేలా ప్లాన్ కావాలి.

ఇందులో తేదీ మార్చాలి, గది మార్చాలి, ‘పూర్తిగా’ అన్న మాట తీసేయాలి. పిల్లలతో వెళ్లేవాళ్లకు లేనివి మీకు రెండున్నాయి: స్కూలు సెలవులతో పని లేదు, రాత్రి తొమ్మిదింటికి ఎవరినీ నిద్రపుచ్చక్కర్లేదు. ఈ రెండింటినీ వాడుకునేలా ప్లాన్ వేస్తే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. వాడుకోకపోతే పిల్లలున్నవాళ్ల ట్రిప్పునే పిల్లల్లేకుండా చేసొచ్చినట్టవుతుంది.

ముందు తేదీ. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉన్న వారం ఏడాది మొత్తంలో అత్యంత రద్దీ, అత్యంత ఖరీదు. 2018 నుంచి టికెట్ ధర తేదీని బట్టి మారుతోంది. 2025లో ఒక రోజు టికెట్ పన్ను కాకుండా 119 డాలర్ల నుంచి 199 డాలర్ల దాకా ఉండేది, ఆ 199 పడింది సరిగ్గా ఈ వారంలోనే, మ్యాజిక్ కింగ్‌డమ్‌కి. క్రిస్మస్ అలంకరణలు చూడటమే మీ కోరికైతే నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ అయిపోయాక డిసెంబరు మొదటి రెండు వారాలు తీసుకోండి. చెట్లు, దీపాలు, ఎప్‌కాట్‌లో పండగ స్టాళ్లు అన్నీ అప్పటికే ఉంటాయి, స్కూళ్లకు ఇంకా సెలవులిచ్చి ఉండరు. అది కుదరకపోతే జనవరి మూడో సోమవారం సెలవు దాటాక ఫిబ్రవరి రెండో వారం దాకా, లేదా ఈస్టర్ అయ్యాక ఏప్రిల్ చివరి నుంచి మే నెల మధ్య దాకా. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు తర్వాత జనం బాగా పలచబడతారు, గదులూ చవక. కానీ ఎండ, ఉక్క, దాదాపు రోజూ మధ్యాహ్నం ఉరుములతో వాన. మెరుపులున్నంతసేపూ బయట ఉండే రైడ్లు, స్కైలైనర్ కేబుల్ కార్లు ఆపేస్తారు. తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు.

డిసెంబరులో ఒక మెలిక ఉంది. కొన్ని రాత్రులు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో వేరే టికెట్‌తో క్రిస్మస్ పార్టీ జరుగుతుంది. ఆ రోజుల్లో మామూలు టికెట్ ఉన్నవాళ్లను సాయంత్రం 6కే పంపించేస్తారు. బాణసంచా చూడలేమని చాలామంది ఆ రోజు మానుకుంటారు కాబట్టి పగలు క్యూలు చిన్నవి. పార్టీ రోజున పగలు అక్కడ రైడ్లు ఎక్కి, సాయంత్రం ఎప్‌కాట్‌కి వెళ్లిపోండి. బాణసంచా కోసం పార్టీ లేని మరో రోజు సాయంత్రం మాత్రమే మ్యాజిక్ కింగ్‌డమ్‌కి రండి. తేదీలు ఖాయం చేసుకునే ముందే పార్టీల క్యాలెండరు చూసుకోండి, లేకపోతే బాణసంచా చూద్దామని వెళ్లి గేటు బయట నిలబడాల్సి వస్తుంది.

ఇక హోటల్. మ్యాజిక్ కింగ్‌డమ్ పక్కన ఉండటం చిన్నపిల్లలున్నవాళ్లకు సుఖం, ఎందుకంటే వాళ్ల రోజంతా అక్కడే గడుస్తుంది. పెద్దవాళ్ల సాయంత్రాలు గడిచేది ఎప్‌కాట్‌లో. బోర్డ్‌వాక్, బీచ్ క్లబ్, యాట్ క్లబ్, స్వాన్, డాల్ఫిన్ హోటళ్ల నుంచి ఎప్‌కాట్‌కి వెనక గేటు గుండా నడిచి వెళ్లొచ్చు. ఆ గేటు పేరు ఇంటర్నేషనల్ గేట్‌వే. అదే దారిలో ఇంకోవైపు హాలీవుడ్ స్టూడియోస్‌కీ నడిచి వెళ్లొచ్చు. రాత్రి షో అయ్యాక బస్సు కోసం వందల మందితో నిలబడక్కర్లేదు. ఈ ఒక్క సౌకర్యం ఆరు రోజుల అలసటను సగం తగ్గిస్తుంది.

వీటిలో స్వాన్, డాల్ఫిన్ నడిపేది మారియట్ హోటల్ సంస్థ. వాళ్ల పాయింట్లుంటే వాడుకోవచ్చు. డిస్నీ హోటల్ వాళ్లకిచ్చే ముందస్తు ప్రవేశం, లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి వెళ్లే చిన్న క్యూ) ఏడు రోజుల ముందు బుకింగ్ వీళ్లకూ ఉంటాయి. కానీ రిసార్ట్ ఫీజు, పార్కింగ్ ఫీజు విడిగా వేస్తారు, గది అద్దెను పోల్చేటప్పుడు వాటిని కలిపి చూడండి. డిస్నీ సొంత హోటళ్లలో పార్కింగ్ ఉచితం. ఇక్కడ చెప్పిన ఏ హోటలైనా గది మీద 12.5 శాతం పన్ను పడుతుందని లెక్క వేసుకోండి.

ఖర్చు తగ్గించాలంటే పాప్ సెంచరీ హోటల్. స్కైలైనర్ గుమ్మం ముందే ఉంటుంది. కరీబియన్ బీచ్ హోటల్ దగ్గర కేబుల్ కారు మారి ఎప్‌కాట్‌కో, హాలీవుడ్ స్టూడియోస్‌కో వెళ్లొచ్చు. అయితే అక్కడి గదుల్లో ఒకటే మామూలు క్వీన్ మంచం. రెండోది గోడ నుంచి కిందికి దించేది, పగలు అదే బల్ల. దాన్ని దించితే నడవడానికి చోటుండదు, బాత్రూమ్ ఒకటే. ఇద్దరికి హాయిగా ఉంటుంది, రెండు జంటలకు మూడో రోజుకే మొహాలు మాడతాయి. రెండు గదులు తీసుకుని, పక్కపక్కన ఇమ్మని బుకింగ్‌లో రాయండి. కలిసే ఉండాలంటే డీలక్స్ విల్లాల్లో రెండు బెడ్రూముల ఇల్లు తీసుకోండి, వంటగది కూడా ఉంటుంది. డిస్నీ వెకేషన్ క్లబ్ (ముందే డబ్బు కట్టి ఏటా బసకు పాయింట్లు పొందే పథకం) సభ్యుల దగ్గర పాయింట్లు అద్దెకు తీసుకుంటే అది హోటల్ ధర కన్నా చాలా తక్కువకు వస్తుంది. కాకపోతే అలాంటి బుకింగ్ రద్దు చేస్తే డబ్బు వెనక్కి రావడం కష్టం. పిల్లల గోల తక్కువ ఉండాలంటే కరోనాడో స్ప్రింగ్స్ హోటల్లోని గ్రాన్ డెస్టినో టవర్ చూడండి. సమావేశాలకు వచ్చేవాళ్లు ఎక్కువ, బార్లు బాగుంటాయి. ఒకటే లోటు, పార్కులకు బస్సే గతి.

గది, టికెట్ కలిపి ప్యాకేజీగా కొంటే ప్రయాణానికి 30 రోజుల ముందు వరకే ఖర్చు లేకుండా రద్దు చేసుకోగలరు. గది విడిగా, టికెట్లు విడిగా తీసుకుంటే గదిని కొద్ది రోజుల ముందు దాకా మార్చుకోవచ్చు. నలుగురు ఉద్యోగస్తుల సెలవులు కుదరాలి కాబట్టి విడివిడిగా తీసుకోవడమే మేలు.

ఆరు రోజులుంటే ఆరు రోజుల టికెట్ కొనకండి. 4 రోజుల టికెట్ 7 రోజుల్లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు, మధ్యలో ఒకటి రెండు రోజులు ఈత కొలను, దుకాణాలు, రెస్టారెంట్లుండే డిస్నీ స్ప్రింగ్స్, విశ్రాంతి. ఒకే రోజు రెండో పార్కుకూ వెళ్లనిచ్చే పార్క్ హాపర్ పిల్లలున్నవాళ్లకు తరచూ దండగే కానీ ఎప్‌కాట్ పక్కన బస చేసే పెద్దవాళ్లకు పెట్టిన డబ్బుకు తగినదే. పొద్దున ఏ పార్కు తిరిగినా రాత్రి భోజనానికి ఎప్‌కాట్ చేరొచ్చు. సగం వాడి మిగిలిన రోజులంటూ ఎవరైనా టికెట్లు అమ్మజూపితే కొనకండి. టికెట్ ఒకరి పేరు నుంచి ఇంకొకరికి మారదు, గేటు దగ్గర వేలిముద్రతో సరిచూస్తారు.

బుకింగ్ తేదీలు రెండున్నాయి, రెండింటికీ అలారం పెట్టుకోండి. మొదటిది 60 రోజుల ముందు, రెస్టారెంట్ల కోసం. డిస్నీ హోటల్లో దిగేవాళ్లు చెక్ఇన్‌కు 60 రోజుల ముందే తమ బసలో 10 రోజుల దాకా భోజనాలన్నీ ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. అంటే మీ ఐదో రోజు భోజనాన్ని మీరు 64 రోజుల ముందు బుక్ చేస్తున్నట్టు, బయట హోటల్లో ఉండేవాళ్లకు ఆ తేదీ ఇంకా తెరుచుకోదు. అందుకే దొరకడం కష్టమైన చోట్లను ట్రిప్పు చివరి రోజులకు పెట్టుకోండి. స్పేస్ 220, టోపోలీనోస్ టెర్రస్, మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా పై అంతస్తు నుంచి కనిపించే కాలిఫోర్నియా గ్రిల్ అలాంటివి. దొరక్కపోతే వదిలేయకండి. రాలేనివాళ్లు ముందు రోజు, అదే రోజు రద్దు చేస్తుంటారు, డిస్నీ ఆప్‌లో మళ్లీ మళ్లీ వెతకండి. చెప్పకుండా మానేస్తే మనిషికి 10 డాలర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పట్టుకుంటారు.

రెండోది 7 రోజుల ముందు, లైట్నింగ్ లేన్ కోసం. ఇది డబ్బు కట్టి చిన్న క్యూలో వెళ్లే ఏర్పాటు, 2024 జూలై నుంచి ఈ పద్ధతిలో నడుస్తోంది. డిస్నీ హోటల్లో దిగేవాళ్లకు చెక్ఇన్‌కు 7 రోజుల ముందు ఫ్లోరిడా టైం ఉదయం 7కి బస మొత్తానికి తెరుచుకుంటుంది, మిగతావాళ్లకు ఏ రోజుకారోజు 3 రోజుల ముందే. ఇండియాలో ఉండి బుక్ చేస్తుంటే శీతాకాలంలో సాయంత్రం 5:30, వేసవిలో 4:30. ఇందులో మల్టీ పాస్, సింగిల్ పాస్ అని రెండు రకాలు. మల్టీ పాస్‌లో ముందుగా ఒకే పార్కులో మూడు రైడ్లు ఎంచుకుంటారు. మొదటిది వాడగానే నాలుగోది తీసుకోవచ్చు, అది ఇంకో పార్కులోదైనా ఫర్వాలేదు. కాబట్టి మూడింటిలో ఒకటి ఉదయం తొమ్మిదిన్నర, పదిలోపు ఉండేలా చూడండి. మూడూ మధ్యాహ్నానికి పెట్టుకుంటే అప్పటిదాకా చేయి కట్టేసినట్టే. కాస్మిక్ రివైండ్, ట్రాన్, ఫ్లైట్ ఆఫ్ పాసేజ్, రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్ లాంటి పెద్ద రైడ్లు మల్టీ పాస్‌లో రావు, వాటికి సింగిల్ పాస్ విడిగా కొనాలి.

నలుగురికీ నాలుగు పార్కుల్లోనూ మల్టీ పాస్ కొనడం అనవసరం. హాలీవుడ్ స్టూడియోస్‌లోనూ మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనూ కొనండి. యానిమల్ కింగ్‌డమ్‌లో పొద్దున్నే వెళ్తే అక్కర్లేదు. ఎప్‌కాట్‌లో కొనాలా వద్దా అన్నది ముందస్తు ప్రవేశానికి లేస్తారా లేదా అన్నదాన్ని బట్టి. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లను ప్రతి పార్కులోకీ ప్రతి రోజూ అరగంట ముందు రానిస్తారు. ఇంటర్నేషనల్ గేట్‌వే నుంచి ఎప్‌కాట్‌లోని ఫ్రాన్స్ మంటపంలో ఉన్న రెమీ రైడ్ నాలుగడుగుల దూరం, ముందుగా అదే ఎక్కేయండి.

బుకింగ్ రోజు ఎక్కువమంది దెబ్బతినేది వేగంలో కాదు, ఆప్‌లో. నలుగురి టికెట్లూ ఒకే అకౌంట్లో కలిసి ఉండకపోతే ఒకరికే దొరికి ముగ్గురు మిగిలిపోతారు. వారం ముందే అందరినీ కలిపి, అంతర్జాతీయ చెల్లింపులు ఒప్పుకునే కార్డు నమోదు చేసి ఉంచండి. పార్కులో ఆ ఆప్ మధ్యాహ్నానికల్లా బ్యాటరీ తాగేస్తుంది. 10,000 మిల్లీయాంప్ అవర్ల పవర్ బ్యాంకు ఇద్దరికొకటి ఉండాలి.

రోజు ఎలా గడవాలి? ఉదయం గేటు తెరవకముందు నుంచి పన్నెండు దాకా ఒక విడత. అక్కడి నుంచి నాలుగున్నర దాకా గది, నిద్ర, కొలను. ఐదు నుంచి రాత్రి మూసేదాకా రెండో విడత. మధ్యాహ్నం ఎండా క్యూలూ రెండూ గరిష్ఠంగా ఉంటాయి, ఆ నాలుగున్నర గంటల్లో పార్కులో ఉండి పొందేది తక్కువ. యాభైకి దగ్గరపడిన మోకాళ్లకు ఇది విలాసం కాదు. రోజుకు పది నుంచి పదిహేను కిలోమీటర్ల నడక, అదీ గట్టి నేల మీద. ముందే అలవాటైన బూట్లు రెండు జతలు తెచ్చి రోజు మార్చి రోజు వేసుకోండి, ఒకే జత రోజూ ఒకేచోట ఒరుసుకుని బొబ్బలు తెప్పిస్తుంది. తొడలు ఒరుసుకోకుండా పూసుకునే స్టిక్ ఒకటి కొనండి. కొత్త బూట్లతో వచ్చినవాళ్లు రెండో రోజు సాయంత్రానికి ప్లాన్ మొత్తం రద్దు చేసుకుంటారు.

కలిసొచ్చాం కాబట్టి ప్రతి క్షణం కలిసే ఉండాలనుకోవడం రెండు జంటల ట్రిప్పుల్లో జరిగే పెద్ద పొరపాటు. రోజుకు ఒక పూట విడిపోండి, రాత్రి భోజనానికి కలవండి. కోస్టర్లు పడని వ్యక్తి మిగతా ముగ్గురి కోసం బయట గంట సేపు సంచులు మోయక్కర్లేదు. ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్, స్మగ్లర్స్ రన్, టెస్ట్ ట్రాక్ దగ్గర సింగిల్ రైడర్ క్యూ ఉంది. పక్కపక్కన కూర్చోవాలన్న పట్టుదల లేకపోతే అందులో చాలాసార్లు సగం సమయమైనా పట్టదు. కోస్టర్ వద్దనుకునేవాళ్లకు సోరిన్, నావీ రివర్ జర్నీ, కిలిమంజారో సఫారీ, హాంటెడ్ మాన్షన్ ఉన్నాయి. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్ పడవ ప్రయాణం పిల్లలకు విసుగు, పెద్దలకు విందు. గాజు ఇళ్లలో మట్టి లేకుండా పెరిగే కూరగాయల తీగల మధ్య నుంచి పడవ వెళ్తుంది. నచ్చితే అక్కడే ‘బిహైండ్ ద సీడ్స్’ అనే నడక టూర్ తీసుకుని దగ్గర నుంచి చూడండి.

ఒంటికి సంబంధించిన రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. ట్రాన్‌లో మోటారు సైకిల్ మీద వంగి కూర్చున్నట్టు కూర్చోవాలి, పిక్కల వెనక కడ్డీ బిగుసుకుంటుంది. పిక్కలు లావుగా ఉన్నవాళ్లకు, మోకాలు వంగనివాళ్లకు పట్టదు. ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ కూడా అలాంటిదే. బయటే నమూనా సీటు ఉంటుంది, క్యూలో నిలబడక ముందే కూర్చుని చూసుకోండి. ట్రాన్‌లో మామూలు సీటున్న బోగీ కూడా ఉంది, అడిగితే ఇస్తారు. కాస్మిక్ రివైండ్ వెనక్కి దూసుకెళ్తూ పక్కలకు తిరుగుతుంది, ఎన్నడూ తల తిరగనివాళ్లకూ తిరుగుతుంది. వికారం మాత్ర వేసుకునేట్టయితే గంట ముందు వేసుకోండి, ఆ సాయంత్రం మద్యం జోలికి పోకండి, రెండూ కలిస్తే మత్తు ముంచుకొస్తుంది.

ఎప్‌కాట్‌కి రెండు సాయంత్రాలు పూర్తిగా ఇవ్వండి. సరస్సు చుట్టూ రెండు కిలోమీటర్ల దారిలో మెక్సికో నుంచి కెనడా దాకా 11 దేశాల మంటపాలు. ఒక్కో దేశంలో ఒక్కో గ్లాసు తాగుతూ చుట్టి రావడం పెద్దవాళ్ల గుంపుల్లో వాడుక. పదకొండు పూర్తి చేయాలనుకున్నవాళ్లు ఐదారు దగ్గరే ఆగిపోతారు, అదీ ఎండలో ఖాళీ కడుపుతో మొదలుపెట్టడం వల్ల. ఇద్దరికొక గ్లాసు, ప్రతి రెండు దేశాలకు ఒక గ్లాసు నీళ్లు, మధ్యలో తిండి. చల్లటి నీళ్లు క్విక్ సర్వీస్ కౌంటర్లలో అడిగితే ఊరికే ఇస్తారు. ఫ్లోరిడాలో మద్యానికి 21 ఏళ్లు నిండాలి, తల నెరిసినా గుర్తింపు అడుగుతారు. ఇండియా నుంచి వచ్చేవాళ్లు అసలు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి, ఫోన్లో ఫొటో చూపిస్తే చెల్లదు. పండగల కాలంలో ఎప్‌కాట్ శుక్ర, శని, ఆదివారాలు స్థానికులతో నిండిపోతుంది. సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. స్టాళ్ల దగ్గర చిన్న పళ్లేలకు డబ్బు తెలియకుండా కరిగిపోతుంది కాబట్టి ఆ సాయంత్రానికి ఇంత అని ఒక గిఫ్ట్ కార్డులో వేసుకుని దానితోనే కట్టండి.

శాకాహారానికి భయపడక్కర్లేదు. మెనూల్లో ఆకు గుర్తు ఉంటే మాంసం, గుడ్లు, పాలు, తేనె ఏవీ లేనట్టు. గుర్తు లేని బీన్స్, సూప్, అన్నం మాత్రం అడగకుండా తినకండి, చాలాచోట్ల మాంసం ఉడికించిన రసంతో చేస్తారు. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని సనా తప్పకుండా పెట్టుకోండి. భారతీయ, ఆఫ్రికన్ రుచులు కలిసిన వంట, రొట్టెల పళ్లెంతో పాటు తొమ్మిది రకాల పచ్చళ్లు, చట్నీల్లాంటివి ఇస్తారు. కిటికీ అవతల జిరాఫీలు తిరుగుతుంటాయి, కాబట్టి చీకటి పడకముందు టైం తీసుకోండి. దానికి పార్కు టికెట్ అక్కర్లేదు, విశ్రాంతి రోజు మధ్యాహ్నానికి సరిపోతుంది. బిల్లు మీద 6.5 శాతం పన్ను, 18 నుంచి 20 శాతం టిప్ లెక్క వేసుకోండి. గుంపులో ఆరుగురు, ఆపైన ఉంటే టిప్ బిల్లులోనే కలిపేస్తారు. అప్పుడు మళ్లీ ఇవ్వకండి.

మిగతా పార్కుల సంగతి క్లుప్తంగా. యానిమల్ కింగ్‌డమ్ మిగతావాటి కన్నా ముందే మూస్తారు, అందుకే అది ఉదయపు పార్కు. ఫ్లైట్ ఆఫ్ పాసేజ్‌తో మొదలుపెట్టి, వెంటనే సఫారీకి వెళ్తే జంతువులు చురుగ్గా ఉంటాయి. తర్వాత నోమాడ్ లౌంజ్‌లో కూర్చోండి. హాలీవుడ్ స్టూడియోస్‌లో ముందు అయిపోయేది స్లింకీ డాగ్ డాష్, మల్టీ పాస్‌లో మొదట దాన్నే పట్టుకోండి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పెద్దలకని ఒకటి ఉంది, ‘కీస్ టు ద కింగ్‌డమ్’ టూర్. దాదాపు ఐదు గంటలు, 16 ఏళ్లు నిండినవాళ్లకే, పార్కు టికెట్ విడిగా ఉండాలి. సిబ్బంది తిరిగే సొరంగాల్లోకి తీసుకెళ్తారు, లోపల ఫొటోలు తీయనివ్వరు. నిజానికి అవి భూమి లోపల లేవు. అక్కడ నేలలో నీరు పైనే ఉంటుంది కాబట్టి సొరంగాలను నేల మట్టంలో కట్టి, ఎదుటి చెరువు తవ్విన మట్టిని వాటి చుట్టూ, పైనా పోసి, పార్కును ఆపైన కట్టారు. మీరు నడిచే వీధి రెండో అంతస్తు. అది తెలిశాక ఆ పార్కు వేరేలా కనిపిస్తుంది.

రాత్రుళ్లకు ఇంకో రెండు అవకాశాలు. డీలక్స్ హోటళ్లలో దిగినవాళ్లకు వారంలో కొన్ని రాత్రులు పార్కు మూశాక రెండు గంటలు అదనంగా ఇస్తారు, ఆ రాత్రి ఏ పార్కుదో ముందే చూసుకుని ఆ మధ్యాహ్నం ఎక్కువసేపు నిద్రపోండి. అది మీకు వర్తించకపోతే ‘ఆఫ్టర్ అవర్స్’ అని విడిగా టికెట్ అమ్మే రాత్రులున్నాయి. జనాన్ని పరిమితం చేస్తారు, ఐస్‌క్రీమ్, పాప్‌కార్న్ అందులోనే. ఆ రాత్రి టికెట్ కొంటే ఆ పగటి టికెట్ మానేయండి, సాయంత్రం 7 నుంచే లోపలికి రానిస్తారు. పాలినేషియన్ హోటల్లోని ట్రేడర్ శామ్స్ బార్‌లోకి రాత్రి 8 దాటాక 21 ఏళ్లు నిండినవాళ్లనే రానిస్తారు.

గేటు దగ్గర ఆపే సంగతులు కొన్ని. పార్టీ రాత్రులు తప్పిస్తే 14 ఏళ్లు దాటినవాళ్లు పాత్రల వేషాలు వేసుకోకూడదు. సెల్ఫీ స్టిక్, గాజు సీసాలు, బయటి మద్యం రానివ్వరు. బయటి తిండి మాత్రం నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. 2019 మే 1 నుంచి పార్కుల లోపల పొగ తాగే చోట్లు లేవు, గేటు బయటికి రావాలి.

ఒకచోటి నుంచి ఇంకోచోటికి బస్సులో వెళ్లాల్సిన ప్రతిసారీ గంట లెక్క వేయండి. రాత్రి 7:30కి వేరే హోటల్లో టేబుల్ ఉంటే 6:30కే పార్కు వదిలేయాలి. విమానాశ్రయం నుంచి డిస్నీ ఉచిత బస్సు 2022 జనవరిలో ఆగిపోయింది. నలుగురు, నలుగురి సామాను అంటే చిన్న కారులో పట్టదు, క్యాబ్ బుక్ చేసేటప్పుడే పెద్ద బండి ఎంచుకోండి.